హెవీ లైసెన్సుకు పోతున్నారా? ముందు పదిహేను గంటల లెక్క అడగండి

లారీ, బస్సు లాంటి హెవీ బండి నేర్చుకుందామని డ్రైవింగ్ స్కూలు మెట్లెక్కిన కుర్రాడు మొదట అడిగే మాట "ఎంతవుతుందన్నా?" అవతల కూర్చున్నాయన కూడా దానికే సిద్ధంగా ఉంటాడు. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు), సర్టిఫికెట్, టెస్టు, కార్డు ఇంటికొచ్చేదాకా అన్నీ కలిపి ఒక రేటు చెప్పేస్తాడు. ఆ రేటులో స్టీరింగ్ ఎన్ని గంటలు చేతికిస్తారో ఆయన చెప్పడు, ఈ అబ్బాయి అడగడు.

ఆ గంటలెన్నో చట్టం ఎప్పుడో రాసిపెట్టింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 31వ నిబంధన ప్రకారం కారు నేర్పే స్కూలు కనీసం 21 రోజులు శిక్షణ ఇవ్వాలి, అందులో బండి నడిపించడం 10 గంటలకు తగ్గకూడదు. లారీ, బస్సు లాంటి ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు 30 రోజులు, 15 గంటలు. అంటే రోజుకు అర్ధగంట చొప్పున ఒక్క రోజూ నాగా లేకుండా నెల నడిపితే సరిగ్గా సరిపోతుంది. "రోజూ ఒక పావుగంట ఇస్తాంలే" అన్న స్కూల్లో నెల తిరిగేసరికి ఏడున్నర గంటలే అవుతాయి. సర్టిఫికెట్ మాత్రం పూర్తి శిక్షణ పొందినట్టే వస్తుంది.

తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్లలో నాపరాళ్లు, మంగంపేటలో ముగ్గురాయి, అనంతపురం నుంచి ఢిల్లీకి ఎక్కే చీనీకాయలు. మన పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో లారీ కనపడని ఊరు లేదు. ఇంటికొక డ్రైవరున్న ఊళ్లలో కూడా హెవీ లైసెన్సు నిబంధనల మీద ఒకరి మాటకు ఒకరి మాట కలవదు. కారణం ఏమిటంటే ఆ నిబంధనలు ముప్పై ఏళ్లలో చాలాసార్లు మారాయి, ఎవరు ఎప్పుడు లైసెన్సు తీసుకున్నారో అప్పటి నిబంధన వాళ్ల నోట్లో ఉండిపోయింది.

ఏ బండికి ఏ లైసెన్సు

గీత 7,500 కిలోల దగ్గర ఉంది. సరుకుతో కలిపి బండి మొత్తం బరువు అంతకు మించకపోతే చట్టం దృష్టిలో అది లైట్ మోటార్ వెహికల్. టాటా ఏస్, బొలెరో పికప్ ఈ లెక్కలోకే వస్తాయి. కారు లైసెన్సుతో ఇలాంటి బండిని కిరాయికి తిప్పొచ్చా లేదా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ప్రమాదం జరిగినప్పుడల్లా ఇన్సూరెన్సు కంపెనీలు "డ్రైవరుకు ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (లైసెన్సు మీద వేసే ప్రత్యేక అనుమతి) లేదు, మేం డబ్బు కట్టం" అంటూ వచ్చాయి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు తిప్పొచ్చని చెప్పింది. దాని మీద మళ్లీ అనుమానాలు లేస్తే, ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న అదే మాట ఖాయం చేసింది. కాబట్టి 7,500 కిలోల లోపు బండి తోలేవాళ్లకు ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు.

చిక్కు ఐచర్లాంటి బళ్ల దగ్గర వస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉండే మోడళ్లలో ఒకటి గీతకు ఇవతల, ఇంకొకటి అవతల ఉంటుంది. కంటితో చూసి తేల్చకండి. ఆర్సీ తెరిచి గ్రాస్ వెహికల్ వెయిట్ దగ్గర ఎంత రాసుందో చూడండి.

7,500 దాటి 12,000 కిలోల దాకా మీడియం, ఆపైన హెవీ. అయితే మీడియంకు వేరు, హెవీకి వేరు లైసెన్సులు 1994 నవంబరులోనే పోయాయి. అప్పటి సవరణ మీడియం, హెవీల్లో సరుకు బండి, ప్రయాణికుల బండి అని విడివిడిగా ఉన్న నాలుగు క్లాసులను కలిపి ట్రాన్స్‌పోర్ట్ వాహనం అనే ఒకే క్లాసు చేసింది. పాత డ్రైవర్ల కార్డు మీద హెచ్‌జీవీ (హెవీ గూడ్స్ వెహికల్) అని, కొత్తవాళ్ల కార్డు మీద ట్రాన్స్ అని ఉండడానికి కారణం ఇదే. ఇంకో సంగతి. ట్యాక్సీకి తీసుకున్న కార్డు మీద ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) పక్కన టీఆర్ (ట్రాన్స్‌పోర్ట్) అని కనిపిస్తే అది హెవీ అనుకునేవాళ్లున్నారు. కాదు. దాంతో పది టైర్ల లారీ ఎక్కితే లైసెన్సు లేకుండా ఎక్కినట్టే.

ఎప్పుడు అప్లై చేయొచ్చు

ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి ఇరవై ఏళ్లు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ కూడా అంతకు ముందు ఇవ్వరు. దాంతోపాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడిచి ఉండాలి. మోటారు సైకిల్ లైసెన్సు పదేళ్ల నుంచి ఉన్నా ఈ లెక్కలోకి రాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు బైకు కార్డు పట్టుకొని హెవీకి పోయి, "ముందు కారు లైసెన్సు తీసుకో, ఏడాదాగి రా" అనిపించుకొని తిరిగొచ్చేది ఇక్కడే. ఇంటర్ అయ్యాక లారీ పనిలోకి దిగుదామన్న ఆలోచన ఉంటే పద్దెనిమిది నిండగానే కారు లైసెన్సు తీసి పెట్టుకోవడం మేలు. ఆ ఏడాది ఎటూ గడిచిపోతుంది.

చదువు విషయంలో పాత మాట ఇంకా తిరుగుతోంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. ఎనిమిది పాసైన సర్టిఫికెట్ పుట్టిస్తానని ఇప్పటికీ ఎవరైనా డబ్బులడిగితే నేరుగా ఆఫీసుకు పోయి కనుక్కోండి. డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ మాత్రం ఎంత వయసువాళ్లకైనా తప్పదు. చూపు, చెవులు, రంగులు గుర్తించడం అందులో చూస్తారు.

ఫీజు నిజానికి ఎక్కువేం కాదు. కేంద్ర నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కు క్లాసుకు 150 రూపాయలు, టెస్టుకు 300, ఉన్న లైసెన్సులో కొత్త క్లాసు చేర్చడానికి 500. దాని మీద రాష్ట్రం సర్వీసు ఛార్జీలు, కార్డు ఖర్చు పడతాయి. స్కూలాయన చెప్పిన రేటులోంచి ఇది తీసేస్తే మిగిలేది శిక్షణకు కట్టే డబ్బు. అందులో ఎంత డీజిలుకు పోతోంది, ఎంత కాగితాలకు పోతోంది అన్నదే స్కూలుకూ స్కూలుకూ తేడా.

రెండు ఫారాలు, ఒక పుకారు

కారుకు ఇంట్లో బాబాయి దగ్గర నేర్చుకొని టెస్టుకు పోవచ్చు. హెవీకి అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు అప్లై చేసేవాళ్లు గుర్తింపు పొందిన స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాలి. అది ఫారం 5. చట్టం మంచి ఉద్దేశంతోనే పెట్టింది. కానీ కాగితం తప్పనిసరి అయిన చోట కాగితాన్నే అమ్ముకునేవాళ్లు పుట్టుకొస్తారు. "నువ్వు రావాల్సిన పనే లేదు సామీ, టెస్టు రోజు ఒక్కసారి మొగం చూపిచ్చి పో" అనే స్కూలు ఫారం 5 అమ్ముతున్న స్కూలు. అక్కడ నేర్చుకోవడానికి బండి ఉందో లేదో కూడా అడగనక్కర్లేదు.

ఫారం 5బీ వేరే. 2021 జులై 1 నుంచి అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లు అని కొత్త రకం వచ్చాయి. మీడియం, హెవీ నేర్పాలంటే రెండెకరాల స్థలం, సిమ్యులేటరు (బండి నడిపినట్టే ఉండే శిక్షణ యంత్రం), టెస్టు ట్రాకు, బయోమెట్రిక్ హాజరు ఉండాలి. కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఇక్కడ పాసైతే ఫారం 5బీ ఇస్తారు. అది ఉన్నవాళ్లు ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ టెస్టుకు నిలబడక్కర్లేదు.

2024 మే నెలలో "జూన్ 1 నుంచి ఆర్టీవో ఆఫీసుకు పోనక్కర్లేదు, డ్రైవింగ్ స్కూలే లైసెన్సు ఇస్తుంది" అని ఊరూరా ప్రచారమైంది. కేంద్ర రవాణా శాఖే జూన్ 1న ప్రకటన ఇచ్చి కొత్తగా మారిందేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. మినహాయింపు టెస్టుకే, అదీ 5బీ ఉన్నవాళ్లకే. లైసెన్సు ఇచ్చేది ఎప్పుడూ రవాణా శాఖే. మామూలు స్కూలు ఇచ్చే ఫారం 5 చేతిలో ఉన్నా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ముందు బండి నడపాల్సిందే. ఆ పుకారును పట్టుకొని "మా దగ్గర చేరితే టెస్టు లేదు" అని ఎవరైనా అంటే, అక్రెడిటేషన్ పత్రం చూపించమనండి. అది ఐదేళ్లకు ఇస్తారు, తేదీ కూడా చూడండి.

స్కూలును ఎట్లా చూడాలి

ఆఫీసుకు పోయి ఫ్లెక్సీలు చూస్తే ఏమీ తెలియదు. పొద్దున్నే, వాళ్లు బండి నేర్పే చోటికి పోయి ఒక పక్కన నిలబడండి. క్యాబిన్లో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టండి. గంటసేపు తిరిగే లారీలో ఆరుగురు ఎక్కితే ఒక్కొక్కరికి పది నిమిషాలు. మిగతా యాభై నిమిషాలు పక్కవాడి తప్పులు చూడడం. చూడడం కూడా చదువే, కాదనను. అయితే దాన్ని 15 గంటల్లో కలపకూడదు.

తర్వాత బండి. నేర్పే ప్రతి రకానికీ కనీసం ఒక వాహనం స్కూలుకు సొంతంగా ఉండాలని, అది శిక్షణకే వాడాలని, ఇన్‌స్ట్రక్టరు వైపు కూడా బ్రేకు వేసే ఏర్పాటు ఉండాలని 24వ నిబంధన. పొద్దున శిక్షణ ఇచ్చి పది గంటలకు ఇసుక లోడుకు పోయే లారీ ఈ నిబంధనకు నిలవదు. పక్క సీటు కింద పెడల్ ఉందా లేదా అన్నది తలుపు తీసి వంగి చూస్తే తెలిసిపోతుంది. ఇన్‌స్ట్రక్టరు పదో తరగతి పాసై, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాడై ఉండాలి. గోడ మీద తగిలించిన స్కూలు లైసెన్సు ఫారం 11లో ఉంటుంది. ఏ క్లాసు వాహనాలకు అనుమతి ఉందో అందులో చదవండి. కార్లకే అనుమతి తీసుకొని హెవీ పిల్లలను ఇంకో స్కూలుకు పంపి మధ్యలో కమిషన్ తీసుకునేవాళ్లున్నారు. అలాంటప్పుడు నేరుగా ఆ రెండో స్కూలుకే పోతే పోలా?

ఇక అసలు సంగతి ఫారం 15. ప్రతి స్కూలూ విద్యార్థి ఎన్ని గంటలు నడిపాడో రాసే రిజిస్టరు అది. తేదీ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ క్లాసు బండి, ఇన్‌స్ట్రక్టరు సంతకం, మీ సంతకం. చేరేముందు "ఆ రిజిస్టరు ఒకసారి చూపిస్తారా అన్నా" అని నెమ్మదిగా అడగండి. రోజువారీ గళ్లలో వేర్వేరు పెన్నులతో, వేర్వేరు టైములతో నిండిన పేజీ ఒక రకం. ముప్పై రోజులూ ఒకే పెన్నుతో, ఒకే టైముతో, ఒకే ఊపులో నిండిన పేజీ ఇంకో రకం. చివరి రోజు "ఇక్కడ ముప్పై సంతకాలు పెట్టు తమ్ముడూ" అన్నారంటే ఆ స్కూల్లో గంటల లెక్క ఎవరూ చూడడం లేదన్నమాట. మీరు పెట్టే ఆ సంతకమే తర్వాత మీకు శిక్షణ సరిగ్గా ఇవ్వలేదని ఫిర్యాదు చేసే వీలు కూడా లేకుండా చేస్తుంది.

ప్రైవేటు స్కూళ్లతో పాటు ఆర్టీసీ కూడా కొన్నేళ్లుగా బయటివాళ్లకు హెవీ శిక్షణ ఇస్తోంది. దగ్గర్లోని డిపోలో బ్యాచీ నడుస్తోందా అని అడిగి చూడడం దండగ కాదు. బస్సు మీద నేర్చుకున్నా వచ్చేది ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సే. పెద్ద బండి కొలతలు, ఎయిర్ బ్రేకులు అక్కడ బాగా పట్టుబడతాయి. నా ఓటైతే, ఫీజు కాస్త ఎక్కువైనా గంటలు నిజంగా ఇచ్చే చోటికే.

మైదానంలో రానిది

కర్నూలు చుట్టూ రోడ్లు చదును. ఖాళీ లారీ మీద, చదును రోడ్డు మీద నెలరోజులు నేర్చుకున్నవాడు మొదటిసారి లోడుతో కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు అతని అసలు పరీక్ష మొదలవుతుంది. 2018లో యాక్సిల్ లోడు (ఒక్కో ఇరుసు మీద పడే బరువు పరిమితి) పెంచాక పది టైర్ల బండి మొత్తం బరువు 28.5 టన్నుల దాకా పోవచ్చు. ఆ బరువు దిగుడులో తోస్తుంటే కాలితో బ్రేకు పట్టుకొనే దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. వేడెక్కిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు, కాలిన వాసన మాత్రం వస్తుంది. అప్పుడు చిన్న గేరు వేద్దామన్నా వేగం ఎక్కువై గేరు పడదు, న్యూట్రల్లో ఇరుక్కుంటుంది. అక్కణ్నుంచి ఇంజన్ పట్టు కూడా ఉండదు.

అందుకే దిగుడు మొదలవ్వకముందే, పైనే, చిన్న గేరులోకి రావాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఇంచుమించు అదే గేరు. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ బయటికి పోకుండా ఆపి ఇంజనును నెమ్మదింపజేసేది) వేసి వేగాన్ని ఇంజనుతో పట్టి, కాలి బ్రేకును గట్టిగా కొద్దిసేపు వేసి వదలాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేసి దిగే అలవాటు చూసి నేర్చుకున్నవాళ్లున్నారు. ఆ మిగిలిన డీజిలుతో గువ్వలచెరువులో పాలకోవా కూడా రాదు.

ఇది స్కూలు బాధ్యత కాదని ఎవరైనా అంటే 15వ నిబంధన చూపించండి. లైసెన్సు టెస్టులో చూడాల్సిన అంశాల్లో దిగుడులో త్వరగా చిన్న గేర్లలోకి మారడం, నిటారు ఎక్కుడులో ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం పేరుపేరునా ఉన్నాయి. నేర్పాల్సినవే. "ఘాట్ చూపిస్తారా, లోడు బండి ఒక్కసారైనా ఇస్తారా" అని చేరేముందే అడగండి. లోడు ఉన్నప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక టైర్లు తేలిగ్గా జారతాయి. రెండింటికీ కాలు వేరేగా అలవాటవ్వాలి.

ఎయిర్ బ్రేకు గురించి ఇంకొక్క మాట. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయగానే గాలి గేజీ ముల్లు పైకొచ్చేదాకా, బజరు ఆగేదాకా బండి కదిలించకూడదు. ట్యాంకుల కింద వాల్వు లాగి నీళ్లు వదలడం రోజూ చేసే పని. ఇవి మొదటి వారంలో మీ చేత చేయించే ఇన్‌స్ట్రక్టరు దొరికితే అతన్ని వదలకండి. మలుపులో ముందు టైర్లు పోయిన దారిలో వెనక టైర్లు పోవని, లోపలికి కోసుకుంటూ వస్తాయని ప్రొద్దుటూరు బజార్లలో తిప్పితే గంటలో అర్థమవుతుంది.

క్లీనరుగా చేరి నేర్చుకుంటే?

మన దగ్గర చాలామంది మంచి డ్రైవర్లు ఆ దారిలో వచ్చినవాళ్లే. టార్పాలిన్ పట్ట కట్టడం, తాడు బిగించడం, టైరు కొట్టి చప్పుడుతో గాలి తెలుసుకోవడం, రివర్సులో వెనక నిలబడి కేకేసి చెప్పడం ఏ స్కూలూ నేర్పదు. ఆ దారిలో లోపం కాగితాల్లో ఉంది. గురువు రాత్రిపూట ఖాళీ హైవే మీద "పట్టుకో కాసేపు" అని స్టీరింగ్ ఇచ్చినప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ లేకపోతే అది లైసెన్సు లేని డ్రైవింగే. 2019 సవరణ తర్వాత చట్టంలో దీనికి 5,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బండి ఇచ్చిన ఓనరుకు కూడా శిక్ష ఉంది. అంతకంటే పెద్ద దెబ్బ ప్రమాదం జరిగితే తగులుతుంది. లైసెన్సు లేదన్న కారణం మీద ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టిన సొమ్మును ఓనరు దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

కాబట్టి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాకే స్టీరింగ్ ముట్టుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి, పక్కన ఆ క్లాసు లైసెన్సున్న వ్యక్తి బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. స్కూల్లో గంటలు, లారీ మీద ట్రిప్పులు రెండూ ఒకే ఆరు నెలల్లో నడిపితే అంతకంటే మంచి శిక్షణ లేదు.

టెస్టు, కార్డు, ఆ తర్వాత

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటితే టెస్టుకు పోవచ్చు. తప్పితే వారం ఆగి మళ్లీ, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

కార్డు వచ్చాక దాని మీద రెండు గడువులుంటాయి. ఎన్‌టీ (నాన్ ట్రాన్స్‌పోర్ట్) అన్న చోట కారు, బైకుల గడువు, ఎన్నో ఏళ్ల తర్వాతి తేదీ. టీఆర్ అన్న చోట ఐదేళ్లే. పెద్ద తేదీ చూసుకొని ధీమాగా తిరిగి, చెక్‌పోస్టులో టీఆర్ గడువు దాటిందని తెలిసి లారీ పక్కకు పెట్టించుకున్నవాళ్లు ఎంతోమంది. గడువు తీరాక ఇదివరకు ఉన్న 30 రోజుల వెసులుబాటు 2019 సవరణతో పోయింది. ఏడాది దాటితే మళ్లీ టెస్టు. రెన్యువలుకు గడువుకు ముందు ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చేయొచ్చు కాబట్టి పండక్కి ఇంటికొచ్చినప్పుడు చేసేసుకుంటే సరిపోతుంది.

పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లకు జీతం బాగుంటుందని అటు చూసేవాళ్లకు ఇంకో మెట్టుంది. ప్రమాదకర సరుకు తోలాలంటే 9వ నిబంధన కింద మూడు రోజుల కోర్సు చేసి లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి, దాని గడువు మూడేళ్లే. ఎనిమిదో తరగతి నిబంధన పోయినా ఇక్కడ చదువు తప్పించుకోలేం. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. ట్యాంకరు మీద అంటించిన ప్రమాద సూచికలు, డ్రైవరు చేతికిచ్చే జాగ్రత్తల కాగితం అర్థం కావాలి కదా. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు హెవీ నేర్చుకునే ఆ నెలలోనే సాయంత్రం పూట దాని మీద కూడా కూర్చుంటే, తర్వాత ట్యాంకరు పని దొరికినప్పుడు ఆగాల్సిన అవసరం ఉండదు.